రెండు ముడుల మొలతాడు

యువరాణి ఐదు రంగుల డేగ పోయిన రోజునే కంచరి వీధిలో కేతుడనే పదకొండేళ్ళ పిల్లవాడు కూడా పోయాడు. డేగ కోసం విద్రుమపురి కోట మీద నగారా మోగింది. నాలుగు దిక్కులకూ రౌతులు గుర్రాలు దౌడు తీయించారు. పిల్లవాడి కోసం వాణ్ణి సాకుతున్న పోలమ్మ అనే ముసలావిడ ఒక్కతే, చేతిలో అన్నం గిన్నె పట్టుకుని, వీధి చివరిదాకా వెళ్ళి పేరు పెట్టి పిలిచి వచ్చింది.

విద్రుమపురికి మూడు వైపులా సముద్రం. కోటగోడలు పగడపు రాతివి. పొద్దు పొడిచేవేళ దూరాన ఓడల్లో వచ్చేవాళ్ళకు నీళ్ళమీద నిప్పు రాజుకున్నట్టు కనిపించేవి. బురుజు బురుజుకూ కంచు మకర తోరణాలు, తోరణం తోరణానికీ ముత్యాల జాలర్లు. గాలి వీచినప్పుడల్లా ఆ జాలర్లన్నీ ఒక్కసారి కదిలి, నగరమంతా ఎవరో మెత్తగా నడిచి వెళుతున్నట్టు చప్పుడయ్యేది. రాజోద్యానంలో గంధపు చెక్కతో కట్టిన మేడలో ఆ డేగ ఉండేది. దాని కాళ్ళకు రెండు బంగారు గజ్జెలు.

ఉద్యానపు గోడను ఆనుకుని, ఆ డేగ మేడ మీదికి కొమ్మలు వాల్చిన ఒక నేరేడు చెట్టుంది. గోడకు ఇవతల కంచరి వీధి, అవతల ఉద్యానం, దాని పక్కనే మంత్రిగారి మేడ. మంత్రి కొడుకు మణిభద్రుడూ కేతుడూ ఆ చెట్టు మీదే స్నేహితులయ్యారు.

"దమ్ముంటే ఆ గజ్జె తీసుకురా చూద్దాం," అన్నాడు మణిభద్రుడు.

"కత్తివ్వు. తెస్తా."

కత్తి మణిభద్రుడిది. చెయ్యి కేతుడిది. గజ్జె తోలుపట్టీ తెగింది. దానితోపాటు డేగను కట్టిన పట్టీ కూడా తెగింది. డేగ ఎగిరి సముద్రం మీదికి వెళ్ళిపోయింది. కాపలావాళ్ళు ఇద్దరినీ ఒకే కొమ్మమీద పట్టుకున్నారు.

కేతుడు తప్పు చేశాడు. ఆ మాట దాచవలసిన పని లేదు. తనది కాని వస్తువు మీద చెయ్యి వేశాడు, దానివల్ల మరొకరికి నష్టం జరిగింది. పదకొండేళ్ళవాడు తప్పు చేస్తే పెద్దలు ఏం చెయ్యాలన్నది తరువాతి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు విద్రుమపురి న్యాయసభ ముందు నల్లరాతి మీద చెక్కి ఉంది కూడా. "పన్నెండు ముడులు పడని బిడ్డను శిక్షకై గుహకు పంపరాదు. గురువు ఇంటికి పంపవలెను."

ఆ దేశంలో పిల్లల వయసును మొలతాటి ముడులతో లెక్కపెడతారు. ఏటా పుట్టినరోజున మేనమామ వచ్చి ఒక ముడి వేస్తాడు. బిడ్డ ఎదిగేకొద్దీ తాడు అతికి పొడుగు చేస్తారు గాని పాత ముడి విప్పరు. ఆ శాసనం చెక్కించిన ముత్తాత రాజు మేనమామలు లేని పిల్లల సంగతి మరచిపోయాడు. ఆయన తరువాత వచ్చినవాళ్ళు మరచిపోలేదు. వాళ్ళకు దారి దొరికింది అక్కడే.

మర్నాటి ఉదయం సభ తీరింది. ధర్మాధికారి సత్యవ్రతుడు వృద్ధుడు. చీమలకు పిండి వేసి గాని సభకు రాడు. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు.

ముందుగా మణిభద్రుణ్ణి నిలబెట్టారు. వెనక ముగ్గురు మేనమామలు, మెడల్లో కంఠాభరణాలు. గణకుడు పట్టు మొలతాడు వేళ్ళతో తడుముతూ లెక్కపెట్టాడు. "పదకొండు, ప్రభూ."

"బిడ్డే," అన్నాడు సత్యవ్రతుడు. "బిడ్డను దిద్దాలి గాని దండించకూడదు. ఆరు నెలలు కొండ మీది గురుకులంలో ఉంచండి. అక్కడ చలి ఎక్కువ. కంబళి పంపండి."

తరువాత కేతుణ్ణి తెచ్చారు. వాడిది చెమటకు నల్లబడిన నూలు తాడు. గణకుడు ఒకసారి చుట్టూ తడిమి, మళ్ళీ తడిమాడు.

"రెండు ముడులే ఉన్నాయి, ప్రభూ."

సభలో నవ్వులు వినిపించాయి. సత్యవ్రతుడు నవ్వలేదు. "రెండేళ్ళవాడు చెట్టెక్కలేడు," అన్నాడు. "కాబట్టి ఈ తాడు సాక్ష్యానికి పనికిరాదు."

జనం వెనక నుంచి పోలమ్మ గొంతు లేచింది. "అయ్యా దొరా! వాళ్ళమ్మ పోయింది. మేనమామ సరిహద్దులో సైన్యంలో ఉన్నాడు. వాడు ఉన్నన్నాళ్ళూ కట్టినవి ఆ రెండు. ఆ తరువాతవి నేను కట్టబోతే, ఆడదాని ముడి చెల్లదన్నది మీ గణకుడే గదా!"

"నిజమే తల్లీ. చెల్లదు."

"పోనీ వాడి నోరు తెరిపించి చూడండి. పాల పన్ను ఇంకా ఊడలేదు."

కేతుడు నాలుకతో ఆ పన్నును అటూ ఇటూ కదుపుతూనే ఉన్నాడు. భయం వేసినప్పుడు వాడు చేసే పని అదే.

"శాసనంలో ముడుల మాట ఉంది గాని పళ్ళ మాట లేదమ్మా," అని సత్యవ్రతుడు మాంత్రికుడి వైపు చూశాడు. "కరాళా, వయోదర్పణం."

కరాళుడు తాటిచెట్టంత మనిషి. క్షారం కాచి కాచి గోళ్ళు నీలంగా మారాయి. సభామధ్యంలో నిలువెత్తు కంచు అద్దం ఉంది. దాని చట్రంలో పన్నెండు రాశులూ చెక్కి ఉన్నాయి. రాశుల కళ్ళలో గోమేధికాలు మెరుస్తున్నాయి. అతను నల్లపట్టు గుడ్డ లాగి, కేతుణ్ణి దాని ముందుకు నెట్టాడు.

అద్దంలో కనిపించినవాడు పిల్లవాడు కాడు. ముప్పై ఏళ్ళ మనిషి. ఒక కన్ను గుంట పడి ఉంది. పెదవి వంకరపోయింది. కుడిచేతికి మూడు వేళ్ళే మిగిలాయి. చూపు చూస్తే కుక్క కూడా వెనక్కి తగ్గుతుంది. సభలో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

"ఎవరండీ ఆయన?" అన్నాడు కేతుడు.

కరాళుడు వాణ్ణి అద్దానికి ఇంకా దగ్గరగా నెట్టాడు.

"ఆయన కంటికి ఏమైందండీ?"

"దర్పణం ఇతనిలో ఉన్న అసలు మనిషిని చూపింది," అన్నాడు సత్యవ్రతుడు. "ఇతను బిడ్డ కాడు. క్షారగిరిలో పన్నెండేళ్ళు. ఓడ రేపు మధ్యాహ్నం పోటుకు బయలుదేరుతుంది."

క్షారగిరి నడిసముద్రంలో ఒక దీవి. దాని గుహల్లో రాతి సందుల మధ్య నీలక్షారం దొరుకుతుంది. కరాళుడు దానితో కాచే లేపనం వల్లనే డెబ్భై ఏళ్ళ మహారాజు జుట్టు ఇంకా నల్లగా ఉంది. ఆ సందుల వెడల్పు రెండు జానలు. పెద్దవాళ్ళు పట్టరు. శిక్ష వేసేటప్పుడు పెద్దవాడు, సందులోకి దించేటప్పుడు చిన్నవాడు. పదిహేడేళ్ళుగా ఆ సభలో ఈ రెండు మాటలూ పక్కపక్కన కూర్చున్నాయి. ఒకదాన్ని చూసి ఒకటి సిగ్గుపడలేదు.

ఆ మధ్యాహ్నమే విశాఖుడు నగరంలో అడుగుపెట్టాడు. సరిహద్దు దళంలో తొమ్మిదేళ్ళు కత్తి పట్టి, మొదటిసారి సెలవు దొరికి వస్తున్నాడు. మేనల్లుడి కోసం మూటలో ఒక కొయ్య గుర్రం ఉంది. రెండేళ్ళవాడికి నచ్చే బొమ్మ అది.

పోలమ్మ అతన్ని గడపలోనే నిలబెట్టింది. "ఇప్పుడు వచ్చావా నాయనా, మేనమామవి! పొద్దున వచ్చుంటే సభకు వచ్చేవాడివి. ఐదేళ్ళ కింద వచ్చుంటే నీ అక్కను చూసేవాడివి."

"అక్క పోయిందా?" విశాఖుడు గుమ్మం పట్టుకున్నాడు.

"నీకు కబురు చేశాం. నీ దళపతి నీకు చెప్పినట్టు లేడు. ఇప్పుడు ఏడవకు. పిల్లాడి సంగతి చూడు."

విశాఖుడు పరుగున న్యాయసభకు వెళ్ళాడు. గణకుడు తాళపత్రాలు సర్దుకుంటూ తల ఎత్తకుండానే విన్నాడు.

"మేనమామవైతే సంతోషం. ముడులు ఏటా వెయ్యాలి."

"మిగతా తొమ్మిదీ ఇప్పుడే వేస్తాను."

"తొమ్మిదేళ్ళ ముడులు ఒక్కరోజే వేస్తే ఒక్క ఏడాదిగా లెక్క. మూడవుతాయి. మూడేళ్ళవాడు కూడా చెట్టెక్కలేడు గదయ్యా." గణకుడు తాళపత్రాలకు దారం చుట్టి లేచాడు. "రేపు అద్దం తోమించే రోజు. నాకు పని ఉంది."

విశాఖుడు వెనక్కి వచ్చి పోలమ్మను అడిగాడు. "పెద్దమ్మా, ఆ అద్దం ఎవరు తోముతారు?"

"ఇంకెవరు? నేనే. పదిహేడేళ్ళుగా. చింతపండు, ఇటుకపొడి. తోమేదాకా చివర నిలబడినవాడి బొమ్మ దాంట్లోనే ఉంటుందట. నేను చూడలేదనుకో, పొద్దున సభలో కూడా కళ్ళు మూసుకున్నాను. గుడ్డ కింద చెయ్యి పెట్టి తోమాలి. తోమేవాళ్ళు చూస్తే కళ్ళు పోతాయన్నాడు ఆ నీలిగోళ్ళవాడు."

"రేపు నేను కూడా వస్తాను."

పోలమ్మ అతన్ని కిందినుంచి మీదిదాకా చూసింది. "మగాళ్ళను రానివ్వరు. ముందు ఆ మీసం తీసెయ్యి."

మర్నాడు పొద్దున్నే పోలమ్మ వెనక ఒక కొత్త కోడలు ముసుగు దించుకుని, తలమీద చింతపండు నీళ్ళ గంగాళంతో న్యాయసభ వాకిట నిలబడింది.

"ఏం ముసలీ, ఈ కోడలెక్కడిది? ద్వారబంధం నెత్తికి తగిలేట్టుంది," అన్నాడు కాపలా భటుడు.

"కొండనాటి పిల్ల నాయనా. అక్కడ అందరూ ఇంతే. నీ అంతవాళ్ళను చంకన వేసుకు తిరుగుతారు."

"నోరు లేదా?"

"పెళ్ళై నెలే అయింది. ఇంకో నెల ఆగితే లేస్తుంది. మీ ఆవిడకు ఎన్నాళ్ళకు లేచిందేమిటి?"

రెండో భటుడు పగలబడి నవ్వాడు. మొదటివాడు బల్లెం పక్కకు తీశాడు.

లోపల ఎవరూ లేరు. విశాఖుడు గంగాళం దించి, నల్లగుడ్డ అంచు పైకెత్తాడు. పోలమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది.

ఒంటికన్ను మనిషి అలాగే నిలబడి ఉన్నాడు. విశాఖుడు అతని ముఖం చూడలేదు. సైనికుడు కాబట్టి అలవాటుగా చేతులు, భుజాలు, కాళ్ళు చూశాడు. ఎడమ చీలమండ చుట్టూ సంకెల కోసిన వలయం. వేళ్ళ కొసలు క్షారం తిన్నట్టు ఎర్రగా మొద్దుబారి ఉన్నాయి. భుజం మీద కాల్చిన ముద్ర, చిన్న తక్కెడ.

ఆ ముద్ర అతనికి బాగా తెలుసు. శిక్ష ముగించుకుని క్షారగిరి నుంచి వచ్చినవాళ్ళను నగరంలోకి రానివ్వరు. వాళ్ళు సరిహద్దు అడవులకు చేరి దారులు కొడతారు. తొమ్మిదేళ్ళలో తాను నరికిన ఇద్దరి భుజాలమీద విశాఖుడు ఆ తక్కెడను చూశాడు. దుర్మార్గులు గనుకే గుహకు పంపారనుకున్నాడు. ఎన్నేళ్ళ వయసులో పంపారో అప్పుడు అడగలేదు.

అంతలో గంట మోగింది. ఓడ ఎక్కవలసినవాళ్ళ పేర్లు చదవడానికి సభ ముందుగానే కూడుతోంది. జనం వచ్చారు. కరాళుడు వచ్చాడు. సత్యవ్రతుడు ఆసనం మీద కూర్చుని, "ఇంకా తోమలేదా అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"తోమడానికి ముందు మీరొకటి చూడాలి," అంది కొత్త కోడలు మగగొంతుతో.

ముసుగు ఒక పక్క పడింది. నల్లగుడ్డ మరో పక్క పడింది.

"ధర్మాధికారీ! నేను కేతుడి మేనమామను, సరిహద్దు దళంలో విశాఖుణ్ణి. ఈ మనిషి ముఖం నిన్న మీరంతా చూశారు. భుజం చూడండి. అది ఏ ముద్ర?"

భటులు ముందుకు వచ్చారు గాని, సత్యవ్రతుడు చెయ్యెత్తి ఆపాడు. ఆసనం దిగి అద్దం దగ్గరకు వచ్చాడు. తీర్పుల మీద వేసే రాజముద్రిక ఆయన వేలికే ఉంది. దాని మీద కూడా తక్కెడే.

"ఇది క్షారగిరిలో కాల్చే ముద్ర," అన్నాడు విశాఖుడు. "కేతుడు ఇంకా ఓడ ఎక్కనైనా లేదు. శిక్ష అనుభవించకముందే శిక్ష గుర్తు ఎలా పడింది?"

విశాఖుడు సభవైపు తిరిగాడు.

"ఈ అద్దం వాడిలో ఉన్న మనిషిని చూపలేదు. మీ తీర్పు వాణ్ణి ఎలా తయారు చేస్తుందో చూపింది. అది చూసి మీరు, ఇలాంటివాడు గనుక పంపాలి అంటున్నారు. తీర్పు ఒక్కసారి మార్చి చూడండి. అద్దమే చెబుతుంది."

సత్యవ్రతుడు అద్దం వైపు తిరిగి అన్నాడు. "కేతుణ్ణి... గురువు ఇంటికి పంపుతున్నాను."

కంచు మీద ఆవిరి కమ్మి, మెల్లగా విడిపోయింది. అదే మనిషి. రెండు కళ్ళూ ఉన్నాయి. పది వేళ్ళూ ఉన్నాయి. వేళ్ళకు కంచు రజను అంటుకుని ఉంది. అద్దానికి అవతల ఎవరో ఏదో అన్నట్టున్నారు. అటు తిరిగి నవ్వుతున్నాడు.

పోలమ్మ పదిహేడేళ్ళకు మొదటిసారి కళ్ళు తెరిచి చూసింది. "అయ్యో నా తల్లీ! అచ్చం వాళ్ళమ్మ నవ్వే!"

జనంలో ఒకరిద్దరు ఏడ్చారు. అప్పుడు కరాళుడు తొందరపడకుండా అన్నాడు. "ధర్మాధికారీ, ఇది నిజమైతే తమరి పదిహేడేళ్ళ తీర్పులు ఏమవుతాయి?"

సత్యవ్రతుడు గోడవైపు చూశాడు. నేలనుంచి కప్పుదాకా తాళపత్రాల కట్టలు ఉన్నాయి. ప్రతి కట్ట మీదా తన ముద్రే.

"ఆ మాట పరీక్ష కోసం అన్నాను," అన్నాడు చివరికి. "అది తీర్పు కాదు."

అద్దంలో నవ్వు ఆగిపోయింది. కన్ను ఒకటి మెల్లగా లోపలికి పోయింది.

దుర్మార్గుడైతే ఆ సమయంలో వాదించేవాడు. సత్యవ్రతుడు మంచివాడు. తలవంచుకుని నడిచి వెళ్ళి తన ఆసనం మీద కూర్చున్నాడు.

"పట్టుకోండి!" అని అరుస్తూ కరాళుడు మొలసంచిలోంచి పిడికెడు నీలక్షారం తీసి నేలకు కొట్టాడు. పొగ లేచింది. పొగలోంచి రెండు నీలి తోడేళ్ళు దూకాయి. వాటి అడుగు పడినచోట రాతి నేల బుసబుసమని పొంగింది. ఒకటి విశాఖుడి చీర కుచ్చెళ్ళు పట్టింది. పట్టిన బట్ట బూడిదై రాలింది. రెండోది గొంతుకు దూకింది. విశాఖుడు పక్కకు దొర్లి, భటుడి బల్లెం లాక్కుని దాని పొట్టలో పొడిచాడు. బల్లెం పొగలోంచి అవతలికి వచ్చింది గాని, మొన కరిగిపోయి కర్రే మిగిలింది.

"కర్రలతో కాదురా వెర్రినాగన్నా!" అని కేక వేసింది పోలమ్మ. "క్షారం పులుపుకే చస్తుంది. ఏ అంట్లు తోమేదాన్నడిగినా చెబుతుంది!"

గంగాళం రెండు చేతులా ఎత్తి, నీళ్ళన్నీ ఒక్క విసురున కుమ్మరించింది. తోడేళ్ళు రెండూ చుయ్యిమని నురగై, నురగ నీరై, రాళ్ళ సందుల్లోకి ఇంకిపోయాయి. కానీ ఆ నీళ్ళు అద్దం మీద కూడా పడ్డాయి. ఒంటికన్ను మనిషి, భుజం మీది తక్కెడ, చారలు చారలుగా కారిపోయాయి. తళతళలాడే కంచు మిగిలింది.

సత్యవ్రతుడు గొంతు సవరించుకున్నాడు. "అద్దం శుభ్రంగా ఉంది. లేఖకుడా, సభలో ఏమీ కనబడలేదని రాయి."

లేఖకుడు గంటం ఎత్తాడు. కాసేపు దించలేదు. తరువాత దించాడు.

భటులు పోలమ్మను చుట్టుముట్టారు. ఆవిడ గంగాళం బోర్లించి దానిమీద కూర్చుంది. "నన్నేం చేస్తారు? నా ముడులు లెక్కపెట్టుకోండి, తెల్లారేదాకా పని! నువ్వు పోరా, ఓడ అందుకో!"

విశాఖుడు గవాక్షం మీదికి ఎగిరాడు. కింద మూడు నిలువుల లోతు. ధ్వజస్తంభం తాడు అందుకుని జారాడు. సగంలో కరాళుడి క్షారం తగిలి తాడు తెగింది. విశాఖుడు వెళ్ళి ఎండుచేపల బండిలో పడ్డాడు.

"నా చేపలు! ఓరి నీ చీర తగలెయ్య, ఎవరివిరా నువ్వు!" అని బండివాడు గుండెలు బాదుకున్నాడు.

"తరువాత చెబుతాను మామా!" అని విశాఖుడు బండి ఎద్దును అదిలించాడు. బండి గచ్చు వీధిలో బాణంలా దూసుకుపోయింది. పూలంగడి, గాజులంగడి, అద్దకపువాళ్ళ ఆరవేసిన బట్టలు అన్నీ దాటి, కాళ్ళకు చుట్టుకున్న పచ్చ బట్టతో ఎద్దు రేవులోకి ఉరికింది. వెనక ఆరుగురు రౌతులు తరుముతున్నారు. కోటమీద శంఖం మూడుసార్లు మోగింది. పోటు ఇంకా నిండకముందే ఓడను వదలమని కరాళుడి ఆజ్ఞ అది.

రేవు మూతికి అడ్డంగా ఉండే ఇనుప గొలుసును నీళ్ళలోకి దించుతున్నారు. నల్ల తెరచాపల ఓడ దానిమీదుగా జారుతోంది. విశాఖుడు బండిమీంచి గట్టుమీదికి, గట్టుమీంచి గొలుసుమీదికి దూకి, పాదాల కింద ఒక్కొక్క కడియమే మునుగుతుండగా పరిగెత్తాడు. చివరి కడియం మునిగింది. నీళ్ళలో పడ్డాడు. రౌతుల బాణాలు చుట్టూ చేపల్లా దూకాయి. ఒకటి చెవి చీల్చుకుపోయింది. రెండు బారలు ఈది, చుక్కాని తాడు అందుకుని, తెడ్డు పెట్టే కంతలోంచి లోపలికి పడ్డాడు.

ఓడ కడుపులో పలకల సందుల్లోంచి ఎండ చారలుగా పడుతోంది. ఒకే గొలుసుకు పదముగ్గురు పిల్లలు ఎడమకాళ్ళతో కట్టి ఉన్నారు. అందరిలోకీ చిన్నది ఎనిమిదేళ్ళ పిల్ల.

"దయ్యం," అంది ఆ పిల్ల గుసగుసగా. "చీర కట్టుకుంది చూడు."

"మీసం దగ్గర కోసుకుంది కూడా," అన్నాడు పక్కవాడు. "దయ్యాలకు మీసాలుంటాయా?"

విశాఖుడు వాళ్ళలో అక్క కళ్ళ కోసం వెతికాడు. వెతకవలసిన పని లేకపోయింది. ఒక పిల్లవాడు నాలుకతో పన్ను కదుపుతూ తనవైపే చూస్తున్నాడు. సంకెల కింద చీలమండ చర్మం అప్పుడే ఎర్రగా గీసుకుపోయి ఉంది.

"కేతూ. నేను మీ మేనమామను."

పిల్లవాడు పన్ను కదపడం ఆపాడు. "నిన్న వచ్చుంటే బాగుండేదండీ," అన్నాడు.

"అవును," అన్నాడు విశాఖుడు. సంకెల పట్టి చూశాడు. తాళం లేదు. కాల్చిన ఇనుప మేకుతో నేరుగా బిగించారు. తెరవాలంటే కొలిమి కావాలి, లేదా బిగించినవాడే కావాలి.

"ఆ మేకు వేసినవాడు పైనే ఉన్నాడు," అన్నాడు కేతుడు. "మాకు గంజి తెచ్చేదీ అతనే. ఇప్పుడు వస్తాడు. సుత్తి నడుముకే ఉంటుంది."

"ఒక్కడేనా?"

"వెనక ఇంకొకడు, కొరడావాడు. మీరు ఆ నిచ్చెన వెనక్కి వెళ్ళండి. మేమందరం ఒక్కసారి ఏడుస్తాం. అప్పుడు వాళ్ళు మాకేసే చూస్తారు."

పైన అడుగుల చప్పుడైంది. తలుపు గొళ్ళెం కదిలింది. విశాఖుడు చీర కింద నడుముకు దాచుకున్న కత్తి నోట కరచి నిచ్చెన వెనక్కి జరిగాడు. ఓడ రేవు దాటి పెద్ద అలల్లోకి వచ్చింది. దాని ముక్కు క్షారగిరి వైపే ఉంది.

ఆ పూట క్షారగిరి సందుల్లో రెండువందల పదకొండుమంది పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళ తీర్పులను ఎవరూ ఇంకా తిరిగి చదవలేదు.